అద్దె పెట్టకు నీలం రిబ్బను

అద్దెకు తెచ్చుకున్న రెండు పెట్టల్లో ఒకదానికి ఓరిన్ డోరిస్ అని పేరు పెట్టాడో లేదో, మెర్ల్ పడీపడీ నవ్వాడు.

"అద్దె కోడికి పేరేంటి బావా? రేపు అద్దె ట్రాక్టరుకు కూడా పెడతావా?"

మెర్ల్ ఓరిన్ భార్యకు అన్న. ఏళ్ల తరబడి సొంత కోళ్లు పెంచుతున్నవాడు. వెర్మాంట్ చలిలో కోళ్లను బతికించుకోవడం ఎంత కష్టమో ప్రతి పెళ్లిలోనూ, ప్రతి చావులోనూ, ప్రతి క్రిస్మస్ విందులోనూ చెప్పేవాడు. ఓరిన్‌కి విని విని చెవులు చిల్లులు పడ్డాయి. తన దారి వేరు. వసంతంలో విన్నీ అనే ఆవిడ గూడుతో సహా కోళ్లను దించిపోతుంది. మంచు పడకముందే వచ్చి పట్టుకుపోతుంది.

"వేసవంతా గుడ్లు నావి, చలికాలమంతా చాకిరీ నీది. కోడిని సొంతం చేసుకునేవాడంత వెర్రివాడు లేడు బావా," అని చర్చి మెట్ల మీద నలుగురిలో అనేశాడు.

మెర్ల్‌కి ఒళ్లు మండింది. కౌంటీ సంతలో గుడ్ల పెట్టల పోటీకి రమ్మన్నాడు. ఓడినవాడు క్రిస్మస్ విందులో తన కోళ్ల ఊసెత్తకూడదు. ఓరిన్ ఎగిరి ఒప్పుకున్నాడు. ఆ నోరు మూతపడే పండగ కోసం పెళ్లయినప్పటినుంచీ కాచుకుని ఉన్నాడు మరి.

మెర్ల్ తన పెట్టకు షాంపూతో తలంటి, తురాయికి నూనె రాసి తెచ్చాడు. దాని కాళ్లు పేరంటానికి పసుపు రాసుకున్నంత పచ్చగా ఉన్నాయి. డోరిస్‌కి తోక సగం లేదు. కాళ్లు వెలిసిపోయాయి.

"దీన్ని పోటీకి తెచ్చావా, సూపుకి తెచ్చావా?" అన్నాడు మెర్ల్.

ఓరిన్ డోరిస్ సగం తోకను చేత్తో కప్పాడు.

తీర్పు చెప్పే ముసలావిడ పెట్టలను చంకలో పెట్టుకుని తోక కింద తడిమింది. మెర్ల్ పెట్ట కాళ్లు చూసి పెదవి విరిచింది. "ఈవిడ గుడ్లు మానేసి చాన్నాళ్లయింది. గుడ్లు పెట్టేదైతే ఈ పసుపంతా సొనలోకి పోయేది. ఆ పాలిపోయినావిడ చూడండి, ఒళ్లు దాచుకోకుండా పెట్టింది!" అంటూ డోరిస్ బోనుకు మొదటి బహుమతి నీలం రిబ్బను చుట్టింది.

ఓరిన్ గంతేశాడు. టోపీ ఎగిరి టర్కీ కోడి బోనులో పడింది. టర్కీ దానిమీదెక్కి కూర్చుంది.

"ఆగండి! అది ఆయన కోడి కాదు, అద్దెది!" అని అరిచాడు మెర్ల్.

ముసలావిడ చెయ్యి ఆగింది. "తెచ్చినవాళ్ల సొంతమైతేనే రిబ్బను. ముడి ఇంకా వెయ్యలేదు. ఎవరిదిది?"

వేయించిన పిండిరొట్టె నములుతూ విన్నీ జనంలోంచి వచ్చింది. "నాది. ఉంచుకుంటానంటే ఈ క్షణం నుంచీ ఆయనది."

"చెప్పు బావా," మెర్ల్ ఇకిలించాడు, "కోడిని సొంతం చేసుకునేవాడు ఎవరన్నావూ?"

జనమంతా ఓరిన్‌ని చూస్తున్నారు. డోరిస్ రిబ్బను కొసను వానపాము అనుకుని లాగుతోంది.

"వెర్రివాడన్నాను. ఆ వెర్రివాణ్ని నేనే! డోరిస్ నాది!"

ఈలలు, చప్పట్లు. ముడి బిగిసింది.

"గూడు మాత్రం నాదే," అంది విన్నీ వేళ్లకంటిన పంచదార నాకుతూ. "మంచు పడేలోపు పట్టుకుపోతాను."

ఓరిన్ నవ్వు సగంలో ఆగింది. వాళ్ల చుట్టుపక్కల ఇంకో గూడంటూ ఉంటే అది మెర్ల్‌దే.

"బావా... మీ గూట్లో కాస్త చోటుందా?"

మెర్ల్ నవ్వలేక బోను పట్టుకుని కూలబడ్డాడు.

"ఉంది. అద్దెకి! అది పెట్టిన గుడ్లన్నీ నావి. క్రిస్మస్‌కి నా కోళ్ల ఊసెత్తను, మాటంటే మాటే. విందు మొదలైన దగ్గర్నుంచీ నీ కోడి సంగతే చెప్తాను."