కంచె బయట చెప్పులు

షైనీ భుజంతో తలుపుని మరోసారి గుద్దింది. కదల్లేదు. పడుకునే ముందు లోపలి గొళ్లెం తనే పెట్టుకుంది. తెల్లారి అది తీసినా తలుపు రాలేదు. బయట గడియ ఎవరో వేశారు.

"ఎవరున్నారక్కడ? తలుపు తియ్యండి."

కెరటాల హోరు తప్ప జవాబు లేదు. రేకుల గది. కిటికీకి ఇనప చువ్వలు. ఈ తీరంలో సెల్‌ఫోనుకి సిగ్నలుండదు.

కిటికీలోంచి హేచరీ కనబడుతోంది. వలకంచె లోపల, ఇసకలో తాబేలు గుడ్ల గుంతలు. పైకొచ్చిన పిల్లల్ని కాకులూ కుక్కలూ ఎత్తుకుపోకుండా గుంతకో వెదురుబుట్ట బోర్లించి ఉంచుతారు. సంక్రాంతి వెళ్లినప్పట్నుంచీ షైనీ కాపలా కాసింది ఆ బుట్టల్నే. ఇప్పుడవన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి. కింద ఇసక గుల్లబారి ఉంది. పిల్లల్లేవు.

మూలనున్న ఒక్క బుట్ట మాత్రం బోర్లించినట్టే ఉంది. దాని కింద ఇసక కదిలింది.

చూస్తుండగానే ఆ గుంత పొంగింది. నల్లటి పిల్లలు ఒకదాని మీదొకటి ఎక్కుతూ, వెదురు సందుల్లోంచి సముద్రం వైపు తలలు దూరుస్తున్నాయి. సూర్యుడు అప్పుడే నీళ్లు వదిలి పైకొచ్చేశాడు. మార్చి ఎండ. ఇసక కాలిందంటే అవి బుట్ట కిందే మాడిపోతాయి. అప్పుడే రెండు కాకులు కంచె మీద వాలాయి.

అనకాపల్లి నుంచి రేంజర్ సురేష్ బాబు మళ్లీ వచ్చేది ఈ రోజే. పిల్లల్ని కళ్లారా చూసి పైకి రిపోర్టు పంపిస్తానన్నాడు. ఆ రిపోర్టు వెళ్తే వచ్చే ఏడు తాబేళ్ల కాలంలో ఇక్కడ వల వెయ్యకూడదు. నిన్న ఊళ్లో అతను ఆ మాట చెప్పగానే మరబోట్ల యజమాని త్రినాధరావు లేచి నిలబడ్డాడు.

"రేపు మీకు ఒక్క పిల్ల కూడా కనబడదు. రాసెట్టుకోండి" అనేసి వెళ్లిపోయాడు.

నిన్న సాయంత్రం, తనతో పగలు కాపలా ఉండే పరదేశి ఈ గది మెట్టు మీదే కూర్చున్నాడు. తెగిన చెప్పు వారుని వల దారంతో కుడుతూ అదే మాట ఎత్తాడు.

"ఏటకి ఎల్లొద్దంటే నా కొడుకులిద్దరూ ఏటి తింటారు పాపా?"

"తాబేళ్లు బతకొద్దా బాబాయ్?"

"బతకాల. సామి గదా. మేవూ బతకాల." నవ్వాడు. "నువ్వు పెళ్లి మానీసి తాబేళ్లకి పురుళ్లు పోత్తన్నావు. మీ యమ్మ లూర్దు మేరీ కనబడితే నన్నే తిడతాది."

షైనీ చువ్వలు పట్టుకుని ఊపింది. రాలేదు. అప్పుడు చూసింది, కంచె బయట ఒక జత చెప్పులు. నీలం రంగు స్లిప్పర్లు, పక్కపక్కనే పొందిగ్గా విడిచి ఉన్నాయి. ఈ ఊళ్లో చేపల వేటగాళ్లెవరూ తాబేలు గుడ్లున్న చోట చెప్పులతో అడుగు పెట్టరు. కానీ నీలం స్లిప్పర్లు ఊళ్లో సగం మందికి ఉన్నాయి.

జీపు హారన్ వినిపించింది. షైనీ గొంతు చించుకుని అరిచింది. సురేష్ బాబు పరిగెత్తుకొచ్చి గడియ లాగాడు. అతన్ని తోసుకుంటూ వెళ్లి ఆమె బుట్ట ఎత్తేసింది. పిల్లలు బిలబిలమంటూ నీళ్లవైపు పాకాయి. చివరిది కెరటంలో కలిసేదాకా చున్నీతో కాకుల్ని తోలుతూనే ఉంది.

ఆ తడి అంచునే ఇంకేవో కనబడ్డాయి. బారులు బారులుగా చిన్న చిన్న జాడలు, అన్నీ నీళ్లలోకే. వాటి పక్కన మనిషి పాదాలు. మిగతా పిల్లల్ని ఎవరూ చంపలేదు. ఎవరో మోసుకొచ్చి సముద్రంలోకి వదిలేశారు.

వెనక్కొచ్చి చెప్పుల దగ్గర వంగింది. ఎడమ చెప్పు వారుకి ఆకుపచ్చ వల దారం కుట్టి ఉంది.

ఆమెకి అంతా అర్థమైంది. తను అడ్డం రాకుండా గడియ వేశాడు. పైకొచ్చిన పిల్లల్నల్లా కాపాడాడు, రేంజర్ కంట పడకుండా చేశాడు. మూల గుంత అప్పటికింకా కదల్లేదు. ఈలోగా తను లేచి తలుపు బాదడం మొదలెట్టింది. కిటికీ ఎదటకి వచ్చి చెప్పులు తీసుకునే వీల్లేక అటునుంచటే పోయాడు.

"ఇతన్ని నమ్మక దారిలోనే ఎక్కించుకొచ్చాను" అన్నాడు సురేష్ బాబు. జీపు పక్కన త్రినాధరావు నిలబడి ఉన్నాడు. "నిన్న నా మొహమ్మీదే అన్నాడు. ఇక కేసే."

"అన్నాను సార్. సేసీవోడు ముందే సెప్పి సేత్తాడేటి?" త్రినాధరావు షైనీ వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు సిస్టరూ. నీ కంచెలోకొచ్చినప్పుడు నేనెప్పుడైనా బూట్లు ఇప్పేనా? ఇప్పలేదని నువ్వు తిట్టని రోజుందా?"

నిజమే. ఒక్క రోజూ విప్పలేదు.

జీపు చూసి ఊరివాళ్లు సరుగుడు తోటలోంచి ఒక్కొక్కరే వచ్చి మూగేసరికి పొద్దు బారెడెక్కింది. వాళ్లలో పరదేశి.

"ఏటయింది పాపా?" అన్నాడు.

షైనీ వెనక్కి చూసింది. గది తలుపు బార్లా తెరిచే ఉంది. ఆమెకి మాత్రం ఇంకా చువ్వల వెనకే ఉన్నట్టుంది. పేరు చెప్తే ఈ ముసలాడు జైలుకి. చెప్పకపోతే చెయ్యని నేరానికి త్రినాధరావు జీపులోకి. మధ్యలో దారి లేదు.

"ఈ చెప్పులెవరివి?" సురేష్ బాబు గట్టిగా అడిగాడు.

ఇసక అప్పటికే సెగలు కక్కుతోంది. పరదేశి చెప్పుల వైపు చూడకుండా సముద్రం వైపు చూస్తున్నాడు. కుడికాలెత్తి ఎడమ పాదం మీద పెట్టుకున్నాడు. కాసేపటికి కాలు మార్చాడు.

షైనీ వంగి చెప్పులు తీసింది. నడిచి వెళ్లి అతని ముందు పెట్టింది.

"కాళ్లు కాలిపోతన్నాయి" అంది. "వేసుకో, పరదేశి బాబాయ్."