కేకు చేయని పుట్టినరోజు

“గురువారం నీ పుట్టినరోజు కదా, ఆపిల్ కేకు తెస్తావుగా?” అన్నాడు మేనేజరు హెన్నింగ్. ఆఫీసు వంటగదిలో అందరూ తాగిన కప్పులు వీబ్కె సర్దుతోంది. “ఆరోజే మీటింగు. లేయాండర్ మాట్లాడుతుంటే నువ్వు ముక్కలు కోసి అందరికీ అందించు. ఇంట్లో అలవాటే కదా.”

పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ళే కేకు చేసి అందరికీ పెట్టాలన్న ఆనవాయితీ ఈ జర్మనీ ఊరు ఓస్నాబ్రూక్‌లో ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆ మహానుభావుడు ఓవెన్ దగ్గరికి వెళ్ళి మాత్రం ఉండడు. వీబ్కెకి ముప్పై ఎనిమిదేళ్ళు. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ యూనివర్సిటీలో చేరి, ఈ సైకిళ్ళ కంపెనీ వ్యూహ విభాగంలో విద్యార్థులకిచ్చే పార్ట్‌టైం ఉద్యోగం చేస్తోంది. రిపేరు దుకాణాలు మూసేయాలని కంపెనీ ఆలోచన. మూసేస్తే నష్టమని లెక్కలు తేల్చింది వీబ్కె. కొన్నవాళ్ళకి ఫోన్లు చేసి, దగ్గర్లో రిపేరు ఉంటుందనే ఈ సైకిలు కొంటున్నారని పట్టుకుంది. మీటింగులో అదంతా చెప్పేది మాత్రం లేయాండర్, ఇంకో విద్యార్థి. అతనికి గొంతు బాగుంటుందట.

ఇంట్లో భర్త టోర్బెన్ ఇంకో పని అంటగట్టాడు. “గురువారం అమ్మావాళ్ళు నాలుగింటికి కాఫీకి వస్తారు. వాళ్ళకి వేరే కేకు చెయ్యి. ఆఫీసులో మిగిలింది పెడితే అమ్మ మొహం మాడ్చుకుంటుంది.” అత్తగారు ఇర్మ్‌ట్రాట్ మొహం మామూలుగానే అంత వెలగదు. “పిల్లలు చదవాల్సిన వయసులో తల్లి పుస్తకాలు పట్టుకుంటే ఇల్లేం కానమ్మాయ్?” అని పోయినసారే అడిగింది. ఇల్లేమీ కాలేదు, ఉన్నచోటే ఉంది.

బుధవారం సాయంత్రం వీబ్కె ఆపిల్ తొక్క తీస్తూ, రేపు తనే మాట్లాడితే మొదటి మాట ఏమిటా అనుకుంది. మొదటిది దొరికింది, రెండోది దానంతటదే వచ్చింది. తొక్క తీసిన ఆపిల్ తనే తినేసింది. ఎంత బాగుందో. ఇన్నేళ్ళూ దాన్ని పిండిలో కలిపి ఎవరెవరికో పెట్టింది. మిగతావి బుట్టలో పెట్టేసి హాయిగా పడుకుంది.

పొద్దున హెన్నింగ్ ఆమె చేతులకేసి చూశాడు. “కేకేది?”

“తేలేదు. చేతులు ఖాళీయే కాబట్టి, నా పని గురించి నేనే చెప్తాను.”

“హమ్మయ్య,” అన్నాడు లేయాండర్. “నాకు సగం అర్థం కాలేదండీ.”

మధ్యాహ్నం మీటింగులో వీబ్కె లేచి, రాత్రి అనుకున్న మొదటి మాటతోనే మొదలుపెట్టింది. డైరెక్టర్ డ్యోర్టె ఆలర్స్ గుచ్చిగుచ్చి అడిగింది, రెండుచోట్ల కాదని వాదించింది. ఒకచోట వీబ్కె ఒప్పుకుంది, రెండోచోట ఒప్పుకోలేదు. వాదిస్తుంటే ఒంట్లో ఉత్సాహం ఉరకలెత్తింది. తన మాటని ఇంత శ్రద్ధగా ఇదివరకెప్పుడూ ఎవరూ కాదనలేదు.

“మూసేయడం ఇప్పటికి ఆపుదాం,” అంది ఆలర్స్. “మిగతాది వచ్చే నెల ఈవిడే చెప్పాలి.”

మీటింగు ముగిసేసరికి మూడున్నరయింది. లేయాండర్ గబగబా వెళ్ళి వీధి మలుపులోని బేకరీనుంచి చెర్రీ కేకు పట్టుకొచ్చాడు. అతనే కోశాడు, వంకరటింకరగా. వీబ్కె కూర్చుని తింది. ఇంతలో ఫోను మోగింది.

“అమ్మావాళ్ళు వచ్చేశారు,” అన్నాడు టోర్బెన్ గుసగుసగా. “కేకు ఎక్కడ పెట్టావు?”

“చేయలేదు.”

“మరి వీళ్ళకేం పెట్టను?”

“మీ అమ్మానాన్నలే కదా టోర్బెన్. వాళ్ళకేం ఇష్టమో నీకు తెలిసే ఉంటుంది.”

అటువైపు అల్మారా తలుపులు ఒక్కోటీ తెరుచుకుంటున్న చప్పుడు. వీబ్కె ఇంకో ముక్క వేసుకుంది, పెద్దదే.