ఎవరూ దున్నని నేల

రామి పెసర చేనులోకి ట్రాక్టరు దిగినప్పుడు నేను గట్టు మీదే ఉన్నాను. కాయ ముదిరి కోతకొచ్చిన చేను. రామి అడ్డం పోయి నిలబడితే జగపతి పటేలు జీతగాళ్లు రెక్క పట్టుకుని పక్కకు లాగిపారేశారు. సాయంత్రానికల్లా చెరువు శిఖమంతా, అంటే నీళ్లు తగ్గాక బయటపడే ఆ నల్లనేలంతా, హద్దురాళ్లు పాతేశారు.

"సర్కారు సర్వేల గీడ సేద్యమే లేదు. చేపలు పెంచనీకె పటేలుకు లీజుకిచ్చిన్రు" అన్నాడు పటేలు గుమస్తా. కళ్లముందు చేను నలిగిపోతుంటే సేద్యం లేదన్నాడు.

ఇది జరిగింది 1982లో, తొర్రూరు అవతల చెరువును ఆనుకున్న ఓ లంబాడీ తండాలో. రైతుకూలీ సంఘం పని మీద నేను అక్కడికి పోతుండేవాణ్ని. సర్వే సంగతి తండా వాళ్లు ఆ రాత్రే నాకు చెప్పారు.

కార్తీకంలో హైదరాబాదు నుంచి జీపులో సార్లు వచ్చారట. చెరువు నీళ్లు సీసాల్లో పట్టారు, బురద సంచుల్లో కట్టారు, కొంగల్ని లెక్కబెట్టారు. తండా వాళ్లే వాళ్లకు కొలత గొలుసు పట్టారు, అంబలి పోశారు. కానీ శిఖంలో ఎవరు దున్నుతారని అడిగేసరికి అందరిదీ ఒకటే మాట: "మేం దున్నం సారూ."

నవ్వకండి. ఆ తండాకు అది పెద్దల నాటి అలవాటు. అడవి కొట్టి దున్నారని గార్డులు వచ్చి తన్ని, జుర్మానా వేసి, ఎడ్లను తోలుకుపోయిన బతుకులు వాళ్లవి. జీపు చప్పుడైతే చాలు, నాగళ్లు గడ్డివాముల్లోకి, ఎడ్లు గుట్ట అవతలికి పోతాయి. అయినా ఈసారి పెద్దమనిషి లింగ్యాకు అనుమానమొచ్చింది. వీళ్లు ఖాకీలు కాదు గదా, నిజం చెబుదామా అని ముందే పోయి జగపతిని అడిగాడు.

"ఎప్పటి లెక్కనే చెప్పున్రి. దున్నుతున్నమంటే కేసులైతయి" అన్నాడు జగపతి.

లింగ్యా నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు? అరవై తొమ్మిదిలో జగపతి కాలేజీ పిల్లగాడు. తెలంగాణ కావాలని బస్సులాపితే పోలీసులు వెంటబడ్డారు. దాక్కున్నది లింగ్యా గుడిసెలో. స్టేషన్లో వేసి కాళ్లు వాచేట్టు కొట్టినా లింగ్యా పిల్లగాడి జాడ చెప్పలేదు. ఆ పిల్లగాడే ఇప్పుడు పంచాయతీ సమితి ప్రెసిడెంటు.

మర్నాడు లింగ్యా జగపతి ఇంటికి పోతే నేనూ వెంటపోయాను.

"పటేలా, నువ్వు జెప్పమంటేనే గదా మేం అట్ల జెప్పింది?"

"నేనేం జేయాలె లింగ్యా? మీ నోటితోని మీరే జెప్పుకున్నరు" అని జగపతి చాయ్ తెప్పించాడు. ఆ చాయ్ అతని మొహాన కొట్టాలనిపించింది నాకు. లింగ్యా ముట్టలేదు. తిరిగొస్తుంటే దారిలో, "పోలీసోళ్లు కొట్టినప్పుడు గూడ గింత నొయ్యలేదన్నా" అన్నాడు.

పొద్దుగూకాక తండా అంతా కూడింది. రామి మరిది చాంద్యా లేచి, "మానుకోట ఆఫీసుకు పోయి దరఖాస్తు పెడుదాం" అన్నాడు.

"ఏమని పెడ్తవ్? అబద్ధమాడినమనా?" అంది రామి.

"భయానికి ఆడినం. రాస్తె తప్పేంది?"

"కాయితం మీద రాస్తె ఎవడు నమ్ముతడు? సర్వే సార్లు మట్టి తీసుకపోనీకె ఎండకాలం మళ్ల వస్తమన్నరు గదా. వాళ్ల కండ్ల ముంగటనే దున్నుదాం."

"కేసులైతే?" అంది ముసలి సుక్కి.

"దాస్తేనే గదవ్వా పోయింది. ఇంక దాసనీకె ఏమున్నది?"

చాలాసేపు వాదులాట నడిచింది. అన్నీ విని, సంఘం వెంట ఉంటుందని నేను చెప్పాను. చివరికి అందరూ రామి మాటకే వచ్చారు.

ఎండాకాలంలో జీపు వచ్చింది. దున్నే కాలం కాదది, అయినా తండాలో ఉన్న ప్రతి నాగలీ శిఖంలోకి దిగింది. సంఘం పిలిస్తే పక్క తండాల వాళ్లూ, తొర్రూరు విద్యార్థులూ వచ్చి హద్దురాళ్లు పెరికేశారు. మట్టి సంచులు పట్టుకుని దిగిన పెద్దసారు నిలబడిపోయాడు.

"అప్పుడు దున్నమని చెప్పారు కదా?"

"అప్పుడు భయపడ్డం సారూ. ఇప్పుడు రాసుకోన్రి. మా తాతలు దున్నిన్రు, మేం దున్నుతున్నం" అంది రామి.

ఆయన పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. అంతలోనే పోలీసు వ్యాను వచ్చింది, వెనకే జగపతి. దున్నిందెవరని ఎస్సై గద్దించాడు. జగపతి లింగ్యా భుజం మీద చెయ్యేసి, "దున్నలేదని ఒక్క మాట అను. నేను ఇడిపిస్త" అన్నాడు.

లింగ్యా ఆ చెయ్యి తీసేశాడు.

"ఒకపారి నీ కోసం నోరు మూసుకున్న. ఇంకోపారి నువ్వు జెప్పినట్టే మాట్లాడిన. ఇగ నీతోని నాకు పని లేదు పటేలా." ఎస్సై వైపు తిరిగి, "నేను దున్నిన" అని వ్యాను ఎక్కాడు.

"నేను దున్నిన" అని రామి ఎక్కింది. చాంద్యా ఎక్కాడు, సుక్కిని చెయ్యందించి ఎక్కించారు. వ్యాను నిండిపోతే ఎస్సై తలుపు వేయించి, మిగిలినవాళ్లను ఇళ్లకు పొమ్మన్నాడు.

ఎవరూ ఇళ్లకు పోలేదు. నాగళ్లు విప్పకుండానే ఎడ్లను రోడ్డెక్కించి, వ్యాను వెనకే తొర్రూరు దాకా నడిచారు. స్టేషన్ ముందు నాగళ్లన్నీ నిలబెట్టి, మా పేర్లు కూడా రాసుకునేదాకా కదలం అన్నారు.