జతా, వెతా

సెబూ నగరంలో ఈ-సిగరెట్లమ్మే వేప్ దుకాణంలో క్రిస్పులో తన వేప్ యంత్రాన్ని విప్పి, రెండు బ్యాటరీలూ బల్లమీద పెట్టాడు. కిందటేడు చనిపోయిన అతని భార్య లిగాయా, ఒకదానిమీద తన పేరూ ఒకదానిమీద అతని పేరూ రాసి ఇచ్చిన జత అది.

"లిగాయా పేరున్నదాని తొడుగు చిరిగింది, నెస్టర్. బదులు ఒక్కటియ్యి."

"ఒక్కటివ్వను, అన్నా! ఇందులో కాపాడే సర్క్యూటేదీ లేదు. పాతదాని పక్కన కొత్తదుంటే పేలుద్ది. ఎక్కువ ఆంపియర్లు తట్టుకునే కొత్త జత తీసుకో. జతలో ఒకటి పోతే రెండోదీ పోయినట్టే. జత చెడితే వెతే!" అని దుకాణదారు పకపకా నవ్వాడు.

"ఏడాదిగా నేనూ అదే అంటున్నా, తమ్ముడూ" అంటూ క్రిస్పులో పాతవి రెండూ జేబులో వేసుకోబోయాడు.

నెస్టర్ నవ్వు ఆగిపోయింది. "ఒకే జేబులో వద్దు, అన్నా... తగిలితే అంటుకుంటాయి."

క్రిస్పులో ఆమెను ఎడమజేబులో, తనను కుడిజేబులో వేసుకుని, ఏమీ కొనకుండానే ఇంటిదారి పట్టాడు.