గొణిగే పిల్ల

మల్కాపురం చర్చి సంఘ పెద్ద విజయరత్నం అంటే పిల్లలకి హడల్. మనిషి చెడ్డవాడని కాదు, గొంతు అలాంటిది. వయసంతా ఓడల మరమ్మతు యార్డులో తుప్పు కొట్టించిన మేస్త్రి మరి. ఓడ కడుపులోకి దిగి ఇనుప గోడలకి తుప్పు రాల్చే చిప్పింగు మిషన్లు ఆనించారంటే, ఎవడెంత అరిచినా పక్కవాడికి వినపడదు. అక్కడ చేతులే మాట్లాడాలి. అరచెయ్యి ఊపితే పక్కకి జరుగు, బొటనవేలెత్తితే కానియ్, ముంజేతులు రెండూ గుండెల మీద అడ్డంగా పెడితే ఆపెయ్. ఆ ఆఖరి సైగ నిన్న చేరిన కుర్రాడు చేసినా సరే, ఎందుకని అడక్కుండా మిషన్ ఆపాల్సిందే. అది విజయరత్నం పెట్టిన కట్టడి. ఆయన కింద పనిచేసే మైఖేల్ ఇంట్లో కూతురితో ఈ సైగలే ఆటగా ఆడేవాడు.

చెవుల్లో పెట్టుకోమని కంపెనీ ఇచ్చిన బిరడాలు మాత్రం మేస్త్రి జేబులోంచి బయటికొచ్చిన పాపాన పోలేదు. ఎవడైనా పెట్టుకుంటే, కొత్త పెళ్ళికూతురు కమ్మలు పెట్టుకున్నట్టుందని ఏడిపించేవాడు. దాంతో మిగతావాళ్ళూ తీసేసేవాళ్ళు.

కొన్నాళ్ళుగా ఆయనకి లోకం మీద ఒకటే ఫిర్యాదు. ఆడవాళ్ళూ పిల్లలూ నోరు విప్పి మాట్లాడటం మానేశారట. భార్య ఆరోగ్యమ్మ అన్నం వడ్డిస్తూ ఏదో గొణుగుతుంది, గట్టిగా చెప్పమంటే గయ్యిమంటుంది. మగవాళ్ళ మాటలు మాత్రం తనకి బాగానే వినపడుతున్నాయి. కాబట్టి తన చెవులు భేషుగ్గా ఉన్నట్టే కదా! ఎంత చక్కని లెక్కో చూడండి.

ఆ లెక్కతోనే సండేస్కూలు పండగనాడు ముందు బెంచీలో కూర్చున్నాడు. ఏటా ఆ రోజు పిల్లలు సంఘం ముందు నిలబడి బైబిల్లోంచి కంఠతా పట్టిన వాక్యాలు చెప్పాలి. సంఘ పెద్ద విని ‘ఆమెన్’ అంటే నెగ్గినట్టు. మైఖేల్ కూతురు కెజియా లేచింది. ఏడేళ్ళ పిల్ల, కొత్త గౌను వేసుకుని, చేతులు కట్టుకుని, ఎక్కడా తడుముకోకుండా చెప్పేసింది. విజయరత్నానికి పెదవులు కదలడం కనిపించింది. ఏదో సణుగుడు తప్ప ఒక్క మాటా తెలియలేదు.

గట్టిగా చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పింది. ఇంకోసారి చెప్పమన్నాడు. ఈసారి పిల్ల గొంతు వణికింది.

"నేర్సుకోకుండా వొచ్చి పెదాలాడిత్తే నాను ఆమెన్ అనేత్తాననుకున్నావేటి? ఎల్లి కూకో," అన్నాడు.

సంఘంలో అందరికీ ప్రతి మాటా వినపడింది. పెద్దాయన్ని కాదనడానికి మాత్రం ఒక్కరికీ నోరు రాలేదు. మైఖేల్ కూడా తల దించుకున్నాడు. తెల్లారితే అదే మేస్త్రి దగ్గరికి పనికి వెళ్ళాలి.

వానలు మొదలయ్యాక యార్డులో అందరికీ చెవి పరీక్ష పెట్టారు. పరీక్ష చేసే ఇంద్రజ, తను చదివే మాటలు తిరిగి చెప్పమని, కాగితం నోటికి అడ్డం పెట్టుకుంది. విజయరత్నం కుర్చీలో ఠీవిగా కూర్చుని ఎదురుచూశాడు. ఆ పిల్ల తనలో తను గొణుక్కుంటోందనుకున్నాడు.

"మొదలెట్టమ్మా," అన్నాడు చివరికి.

ఇంద్రజ కాగితం దించింది. "అన్నీ చదివేశాను తాతగారూ," అంది.

తర్వాత ఆయన ఎదురుగా జరిగి, నిదానంగా చెప్పింది. చెవి లోపల సన్నని వెంట్రుకల్లాంటివి ఉంటాయట. ఏళ్ళ తరబడి మోత తగిలితే అవి చచ్చిపోతాయి, మళ్ళీ మొలవవు. సన్నని ధ్వనుల్ని పట్టుకునేవే ముందు పోతాయి. అందుకే ఆడవాళ్ళ గొంతులూ పిల్లల గొంతులూ ముందు మసకబారతాయి, మగవాళ్ళ బండ గొంతులు చాలాకాలం నిలుస్తాయి. చాలామంది ఎదుటివాళ్ళు గొణుగుతున్నారనే అనుకుంటారని కూడా చెప్పింది. విజయరత్నానికి కళ్ళముందు కెజియా కొత్త గౌను కనిపించింది.

ఇంటికెళ్ళి ఆరోగ్యమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఆ రోజు మైఖేల్ కూతురు వాక్యం సెప్పిందా?"

"పొల్లు పోకుండా సెప్పింది. మీతో ఎవరు సెప్తారండి? ఆ పిల్ల అప్పట్నుంచీ సర్సిలో పాట కూడా పాడతం లేదు."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. తప్పయిందని రహస్యంగా చెప్పి తప్పించుకోవచ్చు. కానీ పిల్లని నలుగురిలో నిలబెట్టి అన్నాడు, నలుగురిలోనే కక్కాలి. ఆదివారం ఆరాధన ముగిశాక లేచి నిలబడ్డాడు. చెవిటితనం తనదనీ, కెజియా అంతా సరిగ్గానే చెప్పిందనీ చెప్పాడు. యార్డులో ఎంతమంది చెవుల్లోంచి బిరడాలు పీకించాడో అదీ చెప్పాడు. సిగ్గుతో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెళ్ళి కెజియా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"తప్పు నాదమ్మా. నీ పెదాలు సూత్తూ ఇంటాను. ఇంకొక్కసారి సెప్తావా?"

ఆ పిల్ల చెబితే ఆమెన్ అనాలని ఆయన గొంతు సిద్ధం చేసుకున్నాడు. కెజియా పెదవులకేసి చూశాడు. అవి కదల్లేదు. పిల్ల నాన్న వైపు ఒకసారి చూసి, ముంజేతులు రెండూ గుండెల మీద అడ్డంగా పెట్టింది.

విజయరత్నం ఎందుకని అడగలేదు. లేచి వెళ్ళి తన బెంచీలో కూర్చున్నాడు.