సింకు పక్క సామ్రాజ్యం

ఉదయం తొమ్మిదిన్నరకే ఆయా ఇద్దరు నర్సులకు, ఒక మేనమామకు, ఉంగరం తీయనని మొరాయించిన ఒక తాతగారికి దగ్గరుండి చేతులు కడిగించి లోపలికి వదిలింది. ఉంగరం గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

పిల్లల రక్తవ్యాధుల వార్డు గుమ్మం పక్కనున్న సింకు ఆమె సింహాసనం. పొట్టి మనిషి, సబ్బునీళ్లకు పగిలిన వేళ్లు, ఇరవై రెండేళ్ల ఏలుబడి. ఆ సాయంత్రం ఐదింటికి పదవీ విరమణ. చక్రవర్తులకైతే అలాంటి రోజున భేరీలు మోగేవి; ఆమెకు ఫినాయిలు నిండుకుంది.

గుమ్మానికి ఎదురుగా ఐదో మంచంలో ఉన్న పిల్లకు, మందుల ధాటికి తెల్లకణాలు అడుగంటి పదిరోజులైంది. తిరిగి పుట్టాయో లేదో సాయంత్రం రక్తపరీక్ష చెబుతుంది. అంతవరకు ప్రాణం మీదికి తేవడానికి ఒక్క క్రిమి చాలు. ఆ సంగతి ఆయా పుస్తకాల్లో చదవలేదు. ఆరేళ్ల కిందట, క్యాన్సరును గెలిచిన ఒక పసిది ఎవరి చేతులమీదుగానో వచ్చిన జ్వరానికి ఓడిపోయింది. ఆ వారం, తొందరలో ఉన్నారు కదా అని పెద్దలను చేతులు కడిగించకుండా లోపలికి వదిలింది తనే. అప్పటినుంచి ఎవరి తొందరనూ ఆమె ఖాతరు చేయలేదు.

పదింటికి పెద్ద డాక్టరుగారు సపరివారంగా వేంచేశారు. మోచేతుల దాకా శాస్త్రోక్తంగా కడుక్కుని అడుగు ముందుకు వేశారు. తుడుపుకర్ర అడ్డం వచ్చింది.

“మెడలోది కూడా, బాబూ.”

ఆయన తన స్టెతస్కోపును కొత్తగా చూసుకున్నారు. “చేతులు కడిగానుగా, ఆయమ్మా!”

“మీరు కడుక్కున్నారు. అది కడుక్కోలేదు. కింద ఎన్ని గుండెలమీద వాలి వచ్చిందో!”

“వెళ్లిపోయే రోజు కూడా వదలవా?”

“రేపట్నుంచి వదిలేస్తాను. ఇవాళ్టికి రాజ్యం నాదే.”

ఐదో మంచం పిల్ల మాస్కు వెనక కిలకిలలాడింది. “అమ్మమ్మా, ఆయన నెత్తిమీంచి నీళ్లు కూడా పోసెయ్యి!”

ముప్పయ్యేళ్ల పాండిత్యం తలవంచి, స్పిరిటు దూదితో తన గొట్టాన్ని తుడుచుకుంది. వెనకున్న శిష్యగణం నవ్వు మింగి ఎవరి మెడలు వాళ్లు తడుముకుంది.

నాలుగున్నరకు నర్సు కాగితం ఊపుతూ వచ్చింది. “కణాలు పెరుగుతున్నాయి ఆయమ్మా! జ్వరం కూడా లేదు.”

“పెరక్క ఎక్కడికి పోతాయి?” అంది ఆయా, వాటికి తనే ఆజ్ఞ ఇచ్చినంత ధీమాగా.

ఐదింటికి ఆమె సంచీ భుజాన వేసుకుంది. మంచం మీంచి పిల్ల చెయ్యి ఊపింది. ఆయా ఆ అరచేతిని దూరం నుంచే పరీక్షించి, బాగుందన్నట్లు తలాడించి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

కుళాయి మీద, తిరగేసి ఆరేసిన ఆమె ఎర్ర రబ్బరు తొడుగులు పది వేళ్లూ కిందికి చాచి, సింకులోకి ఒక్కో చుక్కా నీళ్లు వదులుతున్నాయి.