నేను రాసిన మహజరు

“గట్టి పోలీసు ఉద్యోగం వదిలేసి మిలిటరీ పోలీసులో ఎందుకు చేరావు?” అని అడిగినవాళ్ళందరి మీదా నాకు ఒళ్ళు మండుతుంది. యుద్ధం మోజని కొందరు, తలపాగాకు చుట్టే ఎర్రగుడ్డ మోజని కొందరు, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకున్నారు. నేను చేరింది ఒకే ఒక్క మనిషిని పట్టుకోవడానికి. జరిగింది జరిగినట్టు చెబుతాను. నాది పిచ్చో కాదో మీరే తేల్చండి.

నలభై మూడో సంవత్సరం. నేను, నరసింహప్పను, హలసూరు వైపు కానిస్టేబులుగా పదేళ్ళ సర్వీసు నిండినవాణ్ణి. నా బీటులో పిల్లమ్మ కాఫీ అంగడి ఉండేది. ఆమెది బొమ్మనహళ్ళి. మొగుడు పోయాక ఒక్కతే వచ్చి రెండు బల్లలు వేసుకుని అంగడి పెట్టుకుంది. యుద్ధం వచ్చి కంటోన్మెంటు నిండా సోల్జర్లు దిగాక, ఇడ్లీలు తప్ప ఇంకేమీ తెలియని ఆ మనిషి గుడ్లు పొరటడం, ఆలుగడ్డ ముక్కలు నూనెలో వేయించడం నేర్చుకుంది. మన సిపాయిలూ, లారీ డ్రైవర్లూ, తెల్లవాళ్ళూ అందరూ వచ్చేవాళ్ళు. నన్ను తమ్ముడికంటే ఎక్కువగా చూసేది. నేను అక్కా అని పిలిచేవాణ్ణి.

ఒక రోజు సాయంత్రం నేను అటు పోయేసరికి అంగడి ముందు జనం మూగి ఉన్నారు. లోపల ఒక తెల్ల సోల్జరు. ఎర్ర జుట్టు, ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంది. గుడ్లు అయిపోయాయని పిల్లమ్మ చెప్పిందట. వాడు కెటిల్ ఎత్తి నేలకు కొట్టాడట. అడ్డం వెళ్ళిన ఆమె కుడిచెయ్యి పట్టుకుని మెలితిప్పి గోడకు తోశాడట. నేను చూసేటప్పటికి ఆమె చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మణికట్టు వంకరగా వేలాడుతోంది. ఏడవడం లేదు. ఆ చెయ్యి చూస్తే నాకు ఏడుపొచ్చింది.

వాడి కాలరు పట్టుకుని స్టేషనుకు ఈడ్చుకుపోయాను. దారిలో పేరడిగితే నవ్వుతూ వాళ్ళ రాజుగారి పేరు చెప్పాడు! స్టేషనులో మా దఫేదారు శ్రీనివాసప్ప వాణ్ణి చూడగానే లేచి తన కుర్చీ వేశాడు. చెయ్యి విరిగిన పిల్లమ్మ వాకిట్లో నిలబడి ఉంది. చెయ్యి విరిచినవాడు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

“నీకేమన్నా తల చెడిందా నరసింహప్పా?” అన్నాడు దఫేదారు నన్ను పక్కకు లాగి. “మిలిటరీ మనిషిని మనం పెట్టుకొనేకి అవుతుందా? వాళ్ళది వాళ్ళు చూసుకుంటారు. నువ్వు సుమ్మనే నోరు మూసుకోని ఉండు.”

“ఆమె చెయ్యి చూడండి సార్.”

“చూసినా. ఆస్పత్రికి పిల్చుకోని పో.”

కంప్లైంటు రాయలేదు. వాడికి జట్కా పిలిపించి, ఎక్కించి, పైగా సెల్యూటు కూడా కొట్టాడు. ఆ సెల్యూటు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

మిలిటరీ పోలీసుకు పోలీసు పని తెలిసినవాళ్ళు కావాలన్న నోటీసు ఆ నెలలోనే వచ్చింది. నోటీసు తెచ్చిన హవల్దారును ఒక్కటే అడిగాను. సోల్జరు పేరు చెప్పనంటే మీరేం చేస్తారని. “ప్రతి సోల్జరు జేబులోనూ పే బుక్కు ఉంటుంది. పేరు, నంబరు, పటాలం అన్నీ దాంట్లో ఉంటాయి. మేము అడిగితే తీసి చూపించి తీరాలి” అన్నాడు. ఇంకేం కావాలి నాకు? ఆ మర్నాడే రాజీనామా ఇచ్చాను.

ఇంట్లో నా భార్య జయమ్మ గిన్నె కింద పెట్టి నా మొహం చూసింది. “వాన్ని పట్టుకొనేకి నువ్వు మిలిటరీకి పోయేదా? వాడు ఈపాటికి ఏ బర్మాకో పోయింటాడు. నీకి బుద్ధి ఉండాదా?”

“ఉన్నాడో పోయాడో చూస్తాను” అన్నాను.

ఉత్తరాదిలో నాలుగు నెలలు ట్రైనింగని మమ్మల్ని ఎండలో తోమి తోమి వదిలారు. తిరిగొచ్చేటప్పటికి లాన్స్ నాయక్‌ని. చేతికి ఎం.పి. అన్న పట్టీ, తలపాగాకు ఎర్రగుడ్డ. పనేమో తెల్ల సార్జెంటుతో కలిసి కంటోన్మెంటు వీధుల్లో తిరగడం. తెల్లవాళ్ళను పట్టుకోవలసి వస్తే సార్జెంటే పట్టుకోవాలి, నేను పక్కన నిలబడాలి. ఆ సంగతి చేరేముందు ఎవడూ చెప్పలేదు. చెప్పి ఉంటే చేరేవాణ్ణి కానేమో. పోనీ, సార్జెంటు చెయ్యి అయితేనేం, పట్టుకునేది వాణ్ణే కదా అని సర్దుకున్నాను.

మూడో వారంలో, బయస్కోపు టిక్కెట్ల వరుసలో కనబడింది చీలిన చెవి. “సార్, వాడి పే బుక్కు చూడండి” అన్నాను. సార్జెంటు అడిగాడు. వాడు తీసిచ్చాడు. నవ్వలేదు ఈసారి. వాడి పేరు రాజుగారి పేరు కాదు, ఎవరికీ గుర్తుండని మామూలు పేరు. నంబరు రాసుకుని, రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఎవరూ చేయించలేదు, నా చేతులారా చేశాను.

పోలీసులో పదేళ్ళు పనిచేసినవాడికి ఒక అలవాటు ఒంటికి పడుతుంది. నేరం జరిగిన చోటు వర్ణించి రాసే కాగితాన్ని మేము మహజరు అంటాము. తలుపు ఏ దిక్కున ఉందో మహజరులో లేదని కోర్టులో దొంగలు కాలరు ఎగరేసుకుని బయటికి పోవడం నా కళ్ళారా చూశాను. అందుకని మా ఆఫీసు గుమాస్తా రామయ్య నా మాటలు ఇంగ్లీషులో కొట్టడానికి టైపు మిషను ముందు కూర్చోగానే, చోటుతో మొదలుపెట్టాను. పిల్లమ్మ అంగడి, వాకిలి ఉత్తరానికి, రోడ్డుకు తొమ్మిది అడుగులు, తూర్పున పాలవాళ్ళ కొట్టం, పడమట గాజుల రత్నమ్మ ఇల్లు, లోపల రెండు బల్లలు, కెటిల్ పడినచోట నేల మీద సొట్ట. అన్నీ చెప్పాను.

“ఎంత పొడుగు చెప్తావప్పా!” అన్నాడు రామయ్య. “ఈడ ఇంత ఎవురూ రాయరు.”

“నువ్వు కొట్టు. ఈ కేసులో ఒక్క సందు కూడా ఉండకూడదు.”

చోటుకు ఒకటిన్నర పేజీ అయింది. ఆ సోల్జరు గురించి, వాడు చేసింది గురించి ఆరు వరుసలు. నంబరు ఉంది కదా, ఇంకేం కావాలనుకున్నాను.

వారం తర్వాత మా ఆఫీసరు పిలిచాడు. నా కాగితం ముందు పెట్టుకుని, ఇంత శుభ్రమైన రిపోర్టు ఈ కంటోన్మెంటులో చూడలేదన్నాడు. ఆర్డరు మీద సంతకం పెట్టి నా కళ్ళముందే సీలు వేయించాడు. నాకు రొమ్ము పొంగింది. మడమలు చప్పుడయ్యేలా సెల్యూటు కొట్టి బయటికొచ్చాను.

“ఎన్ని దినాలు వేసినారు వానికి?” అని రామయ్యను అడిగాను.

రామయ్య తల ఎత్తలేదు. “వానికి ఏమీ లేదప్పా. పాత సంగతి, సాక్షులు మిలిటరీవాళ్ళు కాదు అని నోటిమాటగా మందలించి వదిలేసినారంట. ఆర్డరు అంగడికి. గలాటా అయ్యే చోటంట. అవుట్ ఆఫ్ బౌండ్స్.”

సోల్జరన్నవాడు ఆ గడప తొక్కకూడదు అని దాని అర్థం. తెల్లవాడు గానీ, మన సిపాయి గానీ, లారీ డ్రైవరు గానీ. పిల్లమ్మ అంగడికి వచ్చేవాళ్ళంతా వాళ్ళే! ఆర్డరు ఇంగ్లీషులో ఆ చోటు ఎంత చక్కగా గుర్తుపట్టేలా ఉందంటే, బోర్డు పక్కింటికి కొట్టే ప్రమాదం కూడా లేదు. అంతా నా పుణ్యమే. నేను నేరస్థుణ్ణి చూపించాననుకుంటే వాళ్ళకు కనబడింది అంగడి. చెయ్యి విరిచినవాడు దొర, విరిగిన మనిషి గలాటా. ఇదేం న్యాయమని ఎవరిని అడగను? పోలీసులో అయితే అడిగి, కాదంటే రాజీనామా ఇచ్చి ఇంటికి పోవచ్చు. ఇక్కడ యుద్ధం అయ్యేదాకా ఇంటికి కూడా పోనివ్వరు.

బోర్డు కొట్టడానికి నన్నే పంపారు. చోటు తెలిసినవాణ్ణి కదా!

పిల్లమ్మ ఎడమచేత్తో కాఫీ కలుపుతోంది. నాటువైద్యుడు కట్టిన మణికట్టు వంకరగానే అతుక్కుంది. ఆ చేత్తో గిన్నె ఎత్తలేదు. నన్ను చూసి నవ్వింది. “రా అప్పా. ఏమది చేతిలో?”

“బోర్డు అక్కా.”

“ఏం రాసిండాది?”

“సోల్జర్లు ఈడికి రాకూడదని.”

ఆమె గ్లాసు కింద పెట్టింది. “నేనేం చేసినానప్పా?”

“నువ్వేం చెయ్యలేదక్కా.”

“మరి నా వాకిట్లో ఎందుకు కొడతా ఉండావు?”

మేకు పెట్టి కొట్టాను. నేను కొట్టకపోతే ఇంకొకడు కొట్టేవాడని మనసుకు చెప్పుకున్నాను. చెప్పుకున్నందుకు సిగ్గుపడ్డాను కూడా. రెండో మేకు వంగిపోయింది. పిల్లమ్మ లోపలినుంచి రోకలిబండ తెచ్చి ఇచ్చింది. దాంతో కొట్టు అంది. నామీద అరిచి ఉంటే బాగుండేది.

నెల తిరిగేసరికి ఒక బల్ల అమ్మేసింది. మధ్యాహ్నం పూట గాజుల రత్నమ్మా, పాలవాళ్ళూ తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కారు. నేను యూనిఫాం విప్పి పోయి రెండు ఇడ్లీలు తినివచ్చేవాణ్ణి. నా ఒక్కడి ఇడ్లీలతో అంగడి నడుస్తుందా?

తర్వాత ఒకనాడు పదిగంటల వేళ సార్జెంటూ నేనూ ఆ వీధిలో నడుస్తున్నాం. పిల్లమ్మ బల్ల మీద చీలిన చెవి కనబడింది. బోర్డు చూడలేదో, చూసీ లెక్కచెయ్యలేదో, వాడు కుదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు. గొడవ లేదు, అరుపు లేదు. సార్జెంటు ఒక్క అంగలో లోపలికి పోయాడు. పే బుక్కు తీయమన్నాడు. వాడు ఏదో చెప్పబోతే నోరు మూయించి, మెడ మీద చెయ్యివేసి లారీ ఎక్కించాడు. నా కళ్ళముందే. ఎన్ని నెలలుగా ఆ దృశ్యం కోసం ఎదురుచూశానో! తీరా చూశాక నాకు ఒక్క పిసరు సంతోషం కలగలేదు.

నాలుగో నాడు శిక్ష తెలిసింది. పద్నాలుగు రోజులు మిలిటరీ జైలు. ఆ మాట చెప్పడానికి పిల్లమ్మ దగ్గరికి పోయాను.

ఆమె కళ్ళు మెరిశాయి. “నా చెయ్యి ఇరిచినందుకా అప్పా?”

అవునని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. అనలేకపోయాను. “కాదక్కా. నీ అంగడి లోపలికి వచ్చినందుకు.”

“ఆ పొద్దు వాడేమీ చెయ్యలేదు కదప్పా. కాఫీ అడిగినాడు. నేనే పోసిచ్చినా.”

“అవునక్కా.”

“నా చెయ్యికి ఏమీ లేదా?”

“లేదు.”

ఆమె వంకర మణికట్టును కొంగులో దాచుకుంది. వీధిలోకి చూసింది. వీధిలో సిపాయిలు నలుగురు నవ్వుకుంటూ వచ్చి, బోర్డు చూసి, అవతలి పక్కకు దాటిపోయారు.

“పద్నాలుగు దినాలైతే వాడు బయటికొచ్చేస్తాడు” అంది. “నా బోర్డు ఎప్పుడు తీస్తారప్పా?”

ఆ ఆర్డరు నేను చదివాను. వాకిలి ఏ దిక్కో ఉంది, రోడ్డుకు ఎన్ని అడుగులో ఉంది. ఎన్నాళ్ళో రాయలేదు.